మంట ఒకరిది, వాపు ఒకరిది

ఇంగ్లీషులో ‘ఇన్‌ఫ్లేమ్’ అని ఓ క్రియ ఉంది. ఓ ఉపన్యాసం జనాన్ని ‘ఇన్‌ఫ్లేమ్’ చేస్తుంది. అరిగిన మోకాలూ ‘ఇన్‌ఫ్లేమ్’ అవుతుంది. దీని మూలం లాటిన్‌లో ఉంది. అక్కడ ‘ఫ్లామా’ అంటే మంట. ఒకటో శతాబ్దంలో సెల్సస్ అనే రోమన్ రచయిత ఈ జబ్బుకి నాలుగు గుర్తులు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. కోపం వచ్చినవాడి మొహంలోనూ ఎరుపూ వేడీ ఉంటాయి కదా, మాట రెండిటికీ అతికింది.

తెలుగులో అలా కాదు. కోపం వచ్చినవాడు మండిపడతాడు. వాడి చేత చీవాట్లు తిన్నవాడికి మొహం వాస్తుంది. మంట ఒకరిది, వాపు ఇంకొకరిది!

మా అమ్మ అమెరికా వచ్చినప్పుడు మోకాలు చూపించడానికి తీసుకెళ్ళాను. డాక్టరు ‘ఇన్‌ఫ్లమేషన్’ అన్నాడు, వాపని చెప్పాను. మంటగా ఉంటుందా అని అడిగాడు. “మంట కాదురా, సలుపు. రాత్రిళ్ళు పోటు కూడా,” అంది అమ్మ. సలుపుకీ పోటుకీ తేడా ఇంగ్లీషులో విప్పి చెప్పడానికి నాకు నాలుగు వాక్యాలు పట్టింది. ఆయన కంప్యూటర్లో ‘పెయిన్’ అని ఒక్క మాట కొట్టాడు.

మందులతో మోకాలి వాపు తగ్గింది. ఆ వారమే అమ్మ, “తెలుగు మాటకి మొహం వాచిపోయానురా,” అంది. పగలంతా ఇంట్లో తనొక్కతే. ఈ వాపుకి మందు నా దగ్గరే ఉంది. సాయంత్రం ఆఫీసు కాల్స్ తగ్గించుకున్నాను.