పంటు దాటిన మడత సైకిలు

నరసాపురంలో రైలు పట్టాలు ఆగిపోతాయి. భీమవరం నుండి వీరవాసరం, పాలకొల్లు మీదుగా వచ్చిన బండి అక్కడినుండి ముందుకు పోదు. ఊరికి తూర్పున వశిష్ఠ గోదావరి. ఆవలి ఒడ్డున సఖినేటిపల్లి. అక్కడినుండి కొబ్బరితోటల గుండా దిగువకు సాగితే అంతర్వేది, ఆపైన సముద్రం. ఈ రేవులో మనుషులు, మోటారు సైకిళ్ళు, కూరగాయల గంపలు అన్నీ ఒకే పంటు మీద ఏరు దాటుతాయి. వంతెన మీదుగా పోదలచినవారు ఎగువన చించినాడ దాకా వెళ్ళి, డిండి వైపు దిగి, మరల దిగువకు రావలెను. గోదావరికి వరద వచ్చిందంటే పంటు నిలిపివేస్తారు, అప్పుడు ఆ చుట్టుదారే గతి.

ప్రియ చదువరులారా, ఈ దారిలో మేము అనేక సంవత్సరములుగా తిరుగుతున్నాము. మంచం పట్టిన పెద్దలు, ఒంటరిగా ఉన్న తల్లులు ఆవలి ఒడ్డున ఉన్నారు. రైలు, పంటు, ఆటో, ఆపైన నడక, ఇదీ మా ప్రయాణం. సాయంత్రం ఆఖరి ఆటో వేళకు లేచి రావలసిందే. బిడ్డలు దూరదేశాల్లో ఉన్న ముసలితల్లి మనసు విప్పి మాట మొదలుపెట్టేసరికి మేము గడియారం చూసుకొనవలసి వచ్చేది. మోటారు సైకిలు కొనే స్తోమత లేదు. కొన్నా, భీమవరం నుండి దాన్ని రైలులో మా వెంట తెచ్చుకోలేము.

మామూలు సైకిలును రైలులో వేయాలంటే సామాను పెట్టెకు బుక్ చేయవలెను. మడత సైకిలుకు ఆ బాధ లేదు. నడుము దగ్గర మడిచి, హ్యాండిలు దించి, సంచిలో పెడితే సూటుకేసు అంత అవుతుంది. సీటు ప్రక్కన పెట్టుకోవచ్చును. ఈ రకం సైకిళ్ళలో లోకమంతా పేరుపొందిన బ్రాంప్టన్ సైకిలును 1970లలో లండనులో ఆండ్రూ రిచీ అనే ఇంజనీరు రూపొందించారు. ఆయన గది కిటికీలోనుండి బ్రాంప్టన్ ఒరేటరీ అనే దేవాలయం కనబడేదట. ఆ పేరే సైకిలుకు పెట్టారు. మాది అంత ఖరీదైనది కాదు. ఒకరు వాడి అమ్మిన 20 అంగుళాల చక్రాల సైకిలు.

మరి మోటారు ఎందుకని అడుగుతారేమో. డెల్టా అంతా పళ్ళెంలా చదునుగదా! నిజమే, కోనసీమలో కొండలు లేవు. అక్కడ గాలే కొండ. వేసవి మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురుగా కొట్టేటప్పుడు అంతర్వేది రోడ్డు మీద సైకిలు తొక్కినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

తొక్కేవానికి మోటారు చేయి సాయం చేసే సైకిలును జపానులో యమహా కంపెనీ 1993లో మార్కెట్టులోకి తెచ్చింది. ఇప్పుడు ఉన్న సైకిలుకే అమర్చుకొనే కిట్లు దొరుకుతున్నాయి. భీమవరంలో సైకిలు షాపు నడిపే మా సంఘ యువకుడు ఒకరు రెండు పూటలలో మా సైకిలుకు కిట్టు బిగించారు. ముందు చక్రం తీసివేసి, హబ్బులోనే మోటారు ఉన్న చక్రం వేశారు. దానికి తోడు బ్యాటరీ, కంట్రోలరు, పెడలు తిరుగుతున్నదో లేదో కనిపెట్టే సెన్సారు, బ్రేకు నొక్కగానే మోటారును ఆపివేసే పిడులు వచ్చాయి. కిట్టంతటికి ఇరవై వేల రూపాయల పైచిలుకు అయింది.

ఆయన చెప్పిన నాలుగు సంగతులు మీకును పనికివస్తాయి. మొదటిది, చక్రం కొలత. 26 అంగుళాల చక్రం ఒక చుట్టుకు రెండు మీటర్ల పైగా పోతే, 20 అంగుళాలది ఇంచుమించు మీటరున్నర పోతుంది. అదే మోటారుకు చిన్న చక్రంలో తోపు ఎక్కువ, వేగం తక్కువ. అందుచేత చిన్న చక్రానికి తగిన చుట్లు తిరిగే మోటారునే అడిగి తీసుకొనవలెను. రెండవది, ముందు ఫోర్కు. కొన్ని మడత సైకిళ్ళకు ఫోర్కు సందు మామూలు కన్న ఇరుకు. కొలిచి చూసుకొనకుండ కొంటే చక్రం పట్టదు. మూడవది, మోటారు తిరిగేటప్పుడు ఇరుసు ఎదురు తిరగాలని చూస్తుంది. దాన్ని కదలకుండా పట్టే టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ తప్పక బిగించాలి. నాలుగవది మడత సైకిలుకే ప్రత్యేకం. మడత దగ్గర తీగలు కాస్త వదులుగా ఉండాలి. బిగుతుగా కడితే మడిచినప్పుడెల్లా లాగుకొని తెగుతాయి. మరీ వేలాడితే మడతలో నలుగుతాయి.

ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం మేము బయలుదేరాము. నరసాపురం స్టేషనులో సైకిలు దించుతుంటే కష్టం తెలిసింది. సైకిలు, మోటారు, బ్యాటరీ కలిపి 18 కిలోల దాకా తూగుతాయి. బ్యాటరీ విడదీసి భుజాన వేసుకొంటే ఎత్తడం కొంత సులువు. పంటు మీద కొబ్బరి దింపు పనివారొకరు మా సంచి తెరిపించి చూసి, "అయ్యగారండీ, దీనికి నడుం నొప్పేటండీ, ఇలా ముడుచుకుపోయింది?" అన్నారు. పంటంతా నవ్వింది.

సఖినేటిపల్లి దాటగానే గాలి ఎదురు తిరిగింది. మేము పెడలు ఆపలేదు, మోటారు సాయం అడిగాము. వెనుకనుండి ఎవరో మెత్తగా వీపు మీద చేయి వేసి త్రోసినట్లున్నది. కాలువ గట్టు, చేపల చెరువులు, సరుగుడు తోటలు, అరుగుల మీద కూర్చుని లేసు అల్లుతున్న స్త్రీలు, అందరినీ పలుకరించే తీరిక దొరికింది. సముద్రం దగ్గరకు వచ్చేసరికి ఇసుకలో ముందు చక్రం ఉన్నచోటనే గిర్రున తిరిగింది. హబ్బు మోటారుకు ఇసుక గిట్టదు. అక్కడ దిగి నడిపించాము. వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర కాసేపు నిలిచి వెనుదిరిగాము.

దారిలో మంచం పట్టిన ఒక రిటైర్డు టీచరమ్మగారి ఇంట ఆగాము. ఆమె తన బడి రోజులు, పోయిన భర్త, హైదరాబాదులో ఉన్న కూతురు, అన్నీ వరుసగా చెప్పుకొన్నారు. దీపాలు పెట్టే వేళయింది. ఆమె ఉన్నట్టుండి ఆగి, "ఏవండీ అయ్యగారూ, ఈవేళ గడియారం చూసుకోవట్లేదేంటండీ?" అన్నారు. కిట్టుకు పెట్టిన డబ్బు మాకు ఆ మాటలో ముట్టినది.

తిరుగు దారిలో గాలి వీపున ఉన్నది. మోటారు పని తక్కువ. మా బ్యాటరీ 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు, అనగా 360 వాట్ అవర్లు. తొక్కుతూ పోతే కిలోమీటరుకు 10, 12 వాట్ అవర్లు ఖర్చవుతుంది గనుక 30 కిలోమీటర్లకు కొదువ లేదు. నిండా చార్జి చేయుటకు అర యూనిట్టు కరెంటు కూడా పట్టదు.

అయితే కొన్ని హెచ్చరికలు. 250 వాట్లకు, గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఆమోదం పొందిన బ్యాటరీ సైకిళ్ళనే నిబంధనలు మోటారు వాహనాల లెక్కలోనుండి మినహాయించాయి. ఎక్కువ శక్తి కిట్టు చవకగా వచ్చినా ఆశపడవద్దు. మడత సైకిలు బ్రేకులు, మడత గొళ్ళెము అంత వేగానికి చేసినవి కావు. రాత్రి అందరూ నిద్రించే వేళ చార్జింగు పెట్టవద్దు. తాటాకు ఇండ్లవారు మరీ జాగ్రత్త. లిథియం బ్యాటరీ అంటుకొంటే ఆర్పుట కష్టం. దాని చార్జరుతోనే, మనుషులు మెలకువగా ఉన్నప్పుడే చార్జి చేయండి. సముద్రతీరంలో తిరిగి వచ్చినప్పుడు తడిగుడ్డతో ఉప్పు తుడిచి, తీగల కలుపులు ఆరనివ్వండి. పంపు పెట్టి కడగవద్దు.

ఇది అందరికీ కావలసిన వస్తువు కాదు. రైలు, పడవ ఎక్కే పని లేనివారికి ఇంట్లో ఉన్న మామూలు సైకిలుకే కిట్టు చాలును, మడత సైకిలు ఖర్చు మిగులుతుంది. బిడ్డల ఫీజు ఆపి, అప్పు చేసి కొనదగినది అసలే కాదు. కాని మోకాళ్ళు మొరాయిస్తున్న పోస్టుమాను, లంకలకు వెళ్ళే నర్సమ్మ, రెండు ఊళ్ళ మధ్య తిరిగే బడిపంతులు లెక్క వేసుకొని చూడవచ్చును. త్రోవలో చార్జి అయిపోయినా భయం లేదు, పెడళ్ళు ఉండనే ఉన్నవి.