కెమెరాకు చిక్కని కిడ్నీలు

పీర్జాదిగూడలో మా వీధి చివరి ఇంటి పిల్లాడికి ఎన్నాళ్లుగానో మూత్రంలో ప్రొటీన్ పోతోంది, కిడ్నీల్లో రాళ్లు, కాళ్లు కాస్త వంకర. డెంట్ అనే జన్యు వ్యాధేమోనని డాక్టరుగారి అనుమానం. కిడ్నీల బొమ్మ తీసే డీఎంఎస్‌ఏ స్కాన్ రాశారంటే తల్లీకొడుకులతో నేనూ ఆస్పత్రికి బయల్దేరాను.

న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో సీసం ఇటుకల వెనక జనరేటర్ ఉంది. అందులో మాలిబ్డినం-99 నుంచి టెక్నీషియం-99ఎం పుడుతూనే ఉంటుంది. సెలైన్‌తో దాన్ని కడిగి తీయడాన్ని ఈ రంగంలో పాలు పితకడం అంటారు. ఆరు గంటల్లో సగమైపోయే సరుకు, నిల్వ పెట్టుకోలేం. దాన్ని డీఎంఎస్‌ఏ అనే మందుకు తగిలించి సూదితో ఎక్కిస్తారు.

సూది చూసి తల్లి బెదిరింది. "అన్నా, ఇది క్యాన్సరోళ్లకు పెట్టే కరెంటేనా?"

"కాదక్కా, ఫొటో కోసమే. నీళ్లు మంచిగ తాపియ్యి."

రెండు, మూడు గంటలు ఆగాక కెమెరా కింద పడుకోబెట్టారు. మామూలుగా అయితే తెర మీద రెండు కిడ్నీలూ వెలిగిపోవాలి. ఇక్కడ అవి మసకమసకగా, మూత్రాశయం మాత్రం ధగధగలాడుతూ కనిపించాయి.

"కిడ్నీలు లేవా సార్?"

ఉన్నాయి. మందును పట్టుకోలేదంతే. వడపోతలో దిగిన డీఎంఎస్‌ఏను నాళికల మొదటి భాగంలోని కణాలు మెగాలిన్, క్యూబిలిన్ అనే ప్రొటీన్ల సాయంతో లోపలికి లాక్కుంటాయి. డెంట్‌లోనూ, దానిలాంటి లో (Lowe) సిండ్రోమ్‌లోనూ దెబ్బతినేది సరిగ్గా ఆ పనే. చిన్న ప్రొటీన్లు మూత్రంలో జారిపోవడానికీ, మందు నిలవకపోవడానికీ మూలం ఒకటే. అందుకే ఈ ఒక్క బొమ్మ చూసి కిడ్నీలు చచ్చుబడ్డాయని తేల్చేయడం నా దృష్టిలో పెద్ద ప్రమాదం. వడపోత ఎలా ఉందో చెప్పేవి క్రియాటినిన్, డీటీపీఏ స్కాన్. పిల్లాడి క్రియాటినిన్ బాగానే ఉంది.

రోగం ఖాయం చేసేది మాత్రం జన్యు పరీక్షే. డెంట్‌కు కారణమైన సీఎల్‌సీఎన్5 జన్యువు 1996లో దొరికింది. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి మోస్తుంది, కొడుకు అనుభవిస్తాడు. ఇలాంటి జన్యు రోగాల నిర్ధారణ కూడా చేసే డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ మా దారిలోనే, ఉప్పల్‌లోనే ఉంది.

డాక్టరుగారు తల్లి వైపు వాళ్ల సంగతి అడిగారు. ఆమె కొంచెం ఆలోచించి, "మా తమ్మునికి చిన్నప్పటి సంది రాళ్లే సార్, రెండుసార్లు ఆపరేషనైంది" అంది.

"అతన్నీ రమ్మనమ్మా. ముందు మూత్ర పరీక్ష చేద్దాం."