అబ్బా ఎక్సెల్ బండి, అమ్మీ రొట్టె బాకీ

మా ఇంట్లో నాలుగేళ్ళుగా ఒక రొట్టె బాకీ ఉండిపోయింది.

నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండగ సంగతి మీలో చాలామందికి తెలిసిందే. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువులో దిగి రొట్టెలు మార్చుకుంటారు. మురాద్ ఉన్నవాళ్ళు దాని పేరు చెప్పి రొట్టె పుచ్చుకుంటారు. మురాద్ తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి అదే పేరుతో రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సొంతింటి రొట్టె, సంతానం రొట్టె. మా చెల్లికి పెళ్ళయి ఏడేళ్ళయినా ఔలాద్ లేకపోతే 2019లో అమ్మీ వెళ్ళి సంతానం రొట్టె పుచ్చుకుని వచ్చింది. మరుసటేడు కరోనా. ఆ పై ఏడు పిల్ల పుట్టింది, అల్‌హందులిల్లాహ్. ఇక రొట్టె ఇచ్చి రావాలి. ఈలోగా అమ్మీ మోకాళ్ళు పోయాయి.

తమ్ముడిది వేరే దారి. జమాత్‌లో తిరిగే మనిషి, దర్గాలంటే పడదు. "దువా అల్లాహ్‌నే అడగాలి అమ్మీ, రొట్టెల్ని కాదు" అంటాడు. "నేను అడిగింది అల్లాహ్‌నే బేటా, రొట్టె తిన్నానంతే" అంటుంది అమ్మీ. ఈ బహస్ మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటుంది. దాన్ని ఇక్కడ తేల్చబోవడం లేదు. ఈ కథకు కావాల్సిందల్లా ఒక్కటే: తమ్ముడికి సొంత టాటా ఏస్ ఉంది, దర్గా ప్రయాణానికి దాన్ని ఇమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు.

2025 జూలైలో మొత్తానికి బయల్దేరాం. ఇరవై మూడు మందిమి, ఒక పాత మినీ బస్సు మాట్లాడుకున్నాం. జంగారెడ్డిగూడెం నుంచి నెల్లూరు నాలుగొందల కిలోమీటర్లకు అటూ ఇటూ. మనకి రైలు లేదు. కొవ్వూరు–భద్రాచలం లైను మాట నేను నిక్కరు తొడిగిన రోజుల నుంచీ వింటున్నాను, ఇంకా వింటూనే ఉన్నాను. బస్సు దిగాక అసలు కష్టం మొదలవుతుంది. పండగ రోజుల్లో బండ్లన్నీ దూరంగా ఆపేస్తారు. అక్కడి నుంచి చెరువు దాకా జనసముద్రంలో నడవాలి. వీల్‌చైర్ అంటే అమ్మీ ముఖం తిప్పుకుంది. "అందరూ జాలిగా చూస్తారు."

"నానాజాన్ ఎక్సెల్ బండిని బస్సులో వేసుకుపోదాం" అంది మా ఆపా కూతురు. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతోంది. అందరం నవ్వాం. నవ్వడం అయిపోయాక చూస్తే అంతకంటే మంచి తర్కీబ్ ఎవరి దగ్గరా లేదు. మా దులాభాయ్ మాత్రం తన బుల్లెట్ తీసుకెళ్దామన్నాడు. రెండొందల కిలోలకు అయిదు తక్కువ. దాన్ని బస్సులోకి ఎత్తేదెవరు? ఎక్కించాక అమ్మీని దాని మీదికి ఎత్తేదెవరు? ఎక్సెల్ అయితే ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది, ఆడవాళ్ళు పక్కకు తిరిగి కూర్చోవచ్చు, కాళ్ళు దాదాపు నేలకు ఆనతాయి.

పెద్ద బండిలో చిన్న బండిని వేసుకుపోవడం కొత్త సంగతేం కాదు. ఉర్దూ మీడియంలో ఉన్నప్పుడు మా ఉస్తాద్ 'కారవాఁ' అనే మాటకు మానీ చెబుతూ, అది ఒక బండి కాదు, ఒక జనం అనేవారు. ఒంటెలు, గుర్రాలు, వంటవాళ్ళు, పిల్లలు అందరూ కలిస్తేనే కారవాఁ. ఇప్పుడు తెలుగులో ఆ మాటకు సినిమా హీరో మేకప్ వేసుకునే ఏసీ బస్సు అనే ఒక్క అర్థం మిగిలింది. 2021లో కేరళ ప్రభుత్వం టూరిస్టుల కోసం 'కేరవాన్ కేరళ' అని మొదలుపెట్టినప్పుడు మా డెస్కులో కుర్రాడొకడు అది ఇంగ్లీషు మాట అని వాదించాడు. ఫార్సీ నుంచి ప్రపంచమంతా తిరిగి మన గుమ్మంలోకి వచ్చిన మాట అని చెప్పేసరికి తలనొప్పి వచ్చింది. హైదరాబాద్‌లో ఏకంగా కార్వాన్ అనే మొహల్లానే ఉంది కదా.

మన మెట్ట ప్రాంతంలో అసలైన కారవాఁలు బోర్లు వేసే లారీలు. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వస్తాయి. రిగ్గు ఒక లారీ, పైపులు ఒక లారీ. వంట, పడక, బట్టలు ఆరేసుకోవడం అన్నీ దాని మీదే. వెనక ఎక్కడో ఒక మోటార్‌సైకిల్ తాళ్ళతో బిగించి ఉంటుంది. రిగ్గు పొలంలో దిగబడ్డాక ఉప్పుకీ డీజిల్‌కీ ఊళ్ళోకి రావాలంటే ఆ మోటార్‌సైకిలే దిక్కు. అబ్బా మర్హూమ్‌కు అశ్వారావుపేట రోడ్డులో మెకానిక్ షెడ్ ఉండేది. పొగాకు వేలం సీజన్లో రైతుల రాజ్‌దూత్‌లు, బుల్లెట్లు, బోర్ల సీజన్లో ఈ తమిళ తమ్ముళ్ళ బండ్లు. వాళ్ళు బండి కట్టే తీరు అబ్బాకి బాగా నచ్చేది. స్టాండ్ వేయరు. హ్యాండిల్‌కి రెండు పక్కలా తాడు వేసి, ముందు ఫోర్కు సగం దిగేదాకా లాగి కడతారు. కింద పాత టైరు. గుంటలో పడినా బండి కదలదు.

అబ్బాకి ఇంకో ఉసూల్ ఉండేది. ఏలూరు స్టేషన్ నుంచి రైల్లో బండి పార్శిల్ వేసేవాళ్ళు ముందు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ట్యాంకు ఖాళీ చేసి, గోనె సంచులు చుట్టి, ఆర్సీ జిరాక్స్ చేతిలో పెట్టి పంపేవాడు. "పెట్రోల్ కనపడదు బేటా, దాని గాలి కనపడదు. గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది" అనేవాడు. సైన్సు నేను ఆ షెడ్‌లోనే నేర్చుకున్నాను. నేర్చుకుని ఏం చేశానో ఇప్పుడు చెబుతాను.

బయల్దేరే సాయంత్రం నేను బంకుకు వెళ్ళి ట్యాంకు నిండా పోయించాను. నాలుగు లీటర్లు. నెల్లూరులో బంకుల దగ్గర రద్దీ ఉంటుందని నా దూరాలోచన. బస్సులో చివరి వరస సీట్లు తీయించి, వెనక అత్యవసర ద్వారం గుండా ఎక్సెల్ ఎక్కించి, ఆ తలుపుకు అడ్డంగా కట్టాం. దాని పక్కన బియ్యం, డేగిశాలు, గ్యాస్ బండ, స్టవ్వు. దాని ముందు నేల మీద పరుపులు, పరుపుల మీద పిల్లలు. డ్రైవర్ చింతలపూడి వైపు మనిషి, యాభై దాటి ఉంటాయి. తాళ్ళు లాగి చూసి, "ట్యాంకు ఖాళీ చేసేశారాండీ సాయిబుగారూ?" అని అడిగాడు.

"ఎప్పుడో" అన్నాను.

ఎందుకలా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మళ్ళీ పైపు పీకి, డబ్బా వెతికి, చేతులు పాడుచేసుకోవడం ఎందుకని. మగ్రిబ్ దాటిపోయింది, అందరూ ఎక్కి కూర్చున్నారు. చిన్న ఝూట్ అనుకున్నాను.

కామవరపుకోట, ఏలూరు, విజయవాడ దాటాం. ఏసీ వేసి అద్దాలన్నీ మూశారు. ఒంగోలు దాటాక అమ్మీ లేచి కూర్చుంది. "క్యా కీ బాస్ ఆరై?" అంది. నాకూ వచ్చింది ఆ వాసన. సాయంత్రం ఎక్కించిన పెట్రోల్ వాసన బట్టల మీద ఉండిపోయిందేమో అనుకుంటూ కళ్ళు మూసుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం, మూసుకున్నాను. చెల్లెలి కూతురు వాంతి చేసుకుంది. ఏ పిల్ల కోసం రొట్టె ఇవ్వడానికి వెళ్తున్నామో ఆ పిల్ల.

సింగరాయకొండ దాటాక డ్రైవర్ బస్సు పక్కకు తీశాడు. లైటు వేసి చూస్తే ఒక పక్క తాడు వదులైపోయింది, ఎక్సెల్ ఒరిగి ఉంది. మూత సందుల్లోంచి కారి కింది గోనె సంచులు తడిసి ముద్దయ్యాయి. ఓ పరుపు అంచు కూడా. గ్యాస్ బండ మూరెడు దూరంలో ఉంది. దులాభాయ్ బస్సు దిగుతూనే అలవాటుగా సిగరెట్ నోట్లో పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె తీసేలోపు డ్రైవర్ దాన్ని అతని చేతిలోంచి కొట్టేశాడు. పెద్దల్లుడి చేయి మీద అలా ఎవరూ కొట్టి ఉండరు. ఒక్క మాట అనలేదు దులాభాయ్.

పిల్లల్ని దూరంగా చెట్టు కింద కూర్చోబెట్టి, డ్రైవరే పైపు పీకి పెట్రోలంతా డబ్బాలోకి తీశాడు. తడిసిన సంచులు, పరుపు అక్కడే వదిలేశాం. గంటసేపు తలుపులు, అద్దాలు బార్లా తెరిచి ఉంచాడు. ఆ గంటలో నాతో మాట్లాడలేదు. బయల్దేరే ముందు మాత్రం చేతులు మట్టితో రుద్దుకుంటూ అన్నాడు: "మీరు పేపర్లో రాస్తారు కదండీ ఇలాంటివి. జరిగాక."

తెల్లవారి నెల్లూరులో ఎక్సెల్‌ని నేనే బంకు దాకా నెట్టుకుంటూ వెళ్ళాను. లీటరు పోయించాను.

ఆ చిన్న బండి చేసిన పని మాత్రం చెప్పాలి. మేనకోడలు నడిపింది. మొదటి ట్రిప్పు అమ్మీ, రెండోది రొట్టెల మూటతో ఆపా, మూడోది పిల్లతో చెల్లి. చివరి బారికేడ్ దగ్గర కానిస్టేబుల్ ఆపి, అమ్మీ కాళ్ళ వైపు చూసి, ఇంకో వంద గజాలు పోనిచ్చాడు. అక్కడి నుంచి మా భుజాల మీద చేతులు వేసి నడిచింది. చెరువులో మోకాళ్ళ లోతు దిగి, "సంతానం రొట్టె, సంతానం రొట్టె" అని మామూలు గొంతుతో, కూరగాయలు పిలిచినట్టు పిలిచింది. నుదుట బొట్టు పెట్టుకున్న ఒకమ్మాయి, వెనక మొగుడు, వచ్చి కొంగు పట్టారు. అమ్మీ రొట్టె విరిచి ఇస్తూ, "పుట్టాక నువ్వూ రావాలమ్మా, ఆలస్యం చేయకు, మోకాళ్ళు పోతాయి" అంది. ఆ అమ్మాయి నవ్వి ఏడ్చింది. తర్వాత అమ్మీ ఎవరి దగ్గరో మరో రొట్టె పుచ్చుకుంది. ఏం రొట్టె అని అడిగితే చెప్పలేదు. మళ్ళీ బాకీ.

అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద, హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కిందికి రోడ్డు మీద పడి ఉన్న మోటార్‌సైకిల్ వచ్చింది. బస్సు దాన్ని ఈడ్చుకుపోయింది. పెట్రోల్ కారింది, నిప్పురవ్వలు లేచాయి. తలుపు తెరుచుకోలేదు. అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్ళు బతికారు. ఆ రోజు డెస్కులో ఆ వార్త నా చేతి మీదుగానే వెళ్ళింది. హెడ్డింగ్ పెట్టాను, ఫొటో కింద రెండు లైన్లు రాశాను. 'అత్యవసర ద్వారం' అనే మాట టైప్ చేయాల్సి వచ్చినప్పుడు లేచి బయటికి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాను. మా బస్సులో ఆ తలుపుకు అడ్డంగా నాలుగు లీటర్ల పెట్రోల్‌ని తాళ్ళతో కట్టింది నేను. పరుపు మీద నా సొంత పిల్లలిద్దరు కూడా ఉన్నారు.

టెక్సాస్‌లో ఉన్న మా మామూ కొడుకు ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. అక్కడ ఇల్లులాంటి బండ్లలో మోటార్‌సైకిళ్ళు వేసుకుని నెలల తరబడి తిరుగుతారట. కొందరు బయట వెనక వైపు ఇనప చట్రం మీద కడతారు. లోపల పెట్టుకునే బండ్లయితే చాలావాటిలో ఆ గదికీ పడుకునే గదికీ మధ్య గోడ, గాలి పోవడానికి దారి ఉంటాయన్నాడు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీల నాటి షేక్‌పేట సరాయి గుర్తొచ్చింది. మనుషులకు గదులు, జానవర్లకు కొట్టాలు, వేరువేరుగా. పెట్రోల్ అనేది పుట్టకముందే వాళ్ళకి తోచింది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి అమ్మీకి చెప్పాను. ట్యాంకు నింపిన సంగతి, డ్రైవర్‌తో ఆడిన ఝూట్, అన్నీ. తమ్ముడూ అక్కడే ఉన్నాడు. అమ్మీ చాలాసేపు తస్బీహ్ తిప్పుతూ కూర్చుని, "ఆ కర్నూలు బస్సులో పిల్లలున్నారా?" అని అడిగింది. ఉన్నారన్నాను. చేతులెత్తి దువా చేసింది. నన్నేమీ అనలేదు. అనుంటే బాగుండేది.

వచ్చే మొహర్రం జూన్‌లో పడుతోంది. అమ్మీ పోయి తీరాలంటోంది. మొన్న జుమా నమాజ్ అయ్యాక తమ్ముడు షెడ్ దగ్గరికి వచ్చాడు. "ఎక్సెల్ నా ఏస్‌లో వేసుకొస్తాను. నెల్లూరు దాకా వస్తాను భాయ్, దర్గా లోపలికి రాను" అన్నాడు. కొత్త తాడు, రెండు పాత టైర్లు అప్పటికే ఏస్‌లో పడేసి ఉన్నాయి. అబ్బా వాడిన రబ్బరు పైపు, డబ్బా నా చేతికిచ్చి, "ట్యాంకు పని నీదే" అన్నాడు.