మేము ఘారాపురికి వెళ్లిన విధము

గుమాస్తాకు ఆదివారం వచ్చిందంటే రెండు పనులు ఎదురు చూస్తూ వుంటాయి. ఒకటి ఇంట్లో కారుతున్న కుళాయి, రెండవది పిల్లలకిచ్చిన మాట. కుళాయి ఇంకో వారం ఆగుతుంది గాని పిల్లలు ఆగరు.

మా అబ్బాయి మరాఠీ బడిలో అయిదో తరగతి. ఘారాపురి గుహలను గురించి పాఠం విని వచ్చాడు. ఆ రోజు మొదలు మాకు నిద్ర లేదు. "అందరూ చూశారు, మనమే చూడలేదు" అని పాట. పైగా పంతులమ్మ "నేను చేసిన విహారయాత్ర" అని వ్యాసం రాసి తెమ్మన్నదట. సంక్రాంతి వెళ్లిన ఆదివారం తీసుకుపోతామని మాట ఇచ్చేశాము.

ఘారాపురి అంటే ఎలిఫెంటా. గేట్‌వే దగ్గర పడవ ఎక్కితే గంట ప్రయాణం. కొండను తొలిచి చేసిన శివాలయంలో ఇరవై అడుగుల ఎత్తున మూడు ముఖాల సదాశివమూర్తి వుంటాడు. 1987లో యునెస్కో వారు దాన్ని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. అక్కడ పూర్వం పెద్ద రాతి ఏనుగు వుండేది. దాన్ని చూసే పోర్చుగీసువారు ఆ ద్వీపానికి ఎలిఫెంటా అని పేరు పెట్టారు. తరువాత తెల్లవారు ఆ ఏనుగును ఇంగ్లండుకు తరలించబోయి విరగ్గొట్టారు. ముక్కలు అతికించగా అది ఇప్పుడు బైకుల్లా రాణీబాగులో నిలబడి వుంది. అక్కడికి మేము నాలుగుసార్లు వెళ్లాము. అంటే ఏనుగును చూశాము గాని ఏనుగు ఊరు చూడలేదన్నమాట.

మేము కాపురముండేది నాలాసోపారాలో. మేమంటే మేము, మా ఆవిడ, అబ్బాయి, అయిదేళ్ల అమ్మాయి, మా అమ్మ. అమ్మకు డెబ్బయి దాటాయి. కరీంనగర్ జిల్లా పద్మశాలీల ఆడపడుచు. 1972లో పెళ్లయి, మా నాయన వెంట బొంబాయి వచ్చింది. లోయర్ పరెల్‌లో మిల్లు వెనుక చాలులో ఒక్క గది. అందులో ఇరవైఆరేళ్లు కాపురం చేసింది. మేము పుట్టిందీ, మెట్రిక్ చదివిందీ అక్కడే. నాయన పోయిన మరుసటి ఏడు, 1998లో, అప్పులకూ చెల్లెలి పెళ్లికీ కలిపి ఆ గది ఇచ్చేసి నాలాసోపారా చేరాము. ఆనాటినుంచి అమ్మ అప్పుడప్పుడు "ఒక్కపారి పరెల్ సూపియ్యి బిడ్డా" అని అడుగుతూనే వుంది. "అక్కడ ఏముందమ్మా, అన్నీ అద్దాల మేడలు" అని మేము జవాబు చెబుతూనే వున్నాము. అది తీరిక లేక చెప్పిన జవాబే గాని మరొకటి కాదు.

ఆదివారం పొద్దున్నే పులిహోర, పండుగ మిగిలిన సకినాలు, రెండు సీసాల నీళ్లు సర్దుకొని బయలుదేరాము. ఆదివారం పశ్చిమ రైల్వేలో పట్టాల మరమ్మతు వుంటుంది. దాన్ని జంబో బ్లాక్ అంటారు. ఏ బండి ఏ పట్టా మీద వస్తుందో పెరుమాళ్లకెరుక. అందుచేత బోరివలిలో దిగి, అక్కడినుంచే బయలుదేరే స్లో బండి ఎక్కాము. ఆలస్యమైనా అందరికీ కూర్చోవడానికి చోటు దొరుకుతుంది గదా అని మా ఎత్తు. అమ్మ, ఆవిడ, అమ్మాయి ఆడవాళ్ల పెట్టెలో ఎక్కారు. మేమూ అబ్బాయీ పక్క పెట్టెలో ఎక్కాము.

దాదర్ దాటింది. ప్రభాదేవి దాటింది. ఎల్ఫిన్‌స్టన్ రోడ్డును 2018లో ప్రభాదేవి చేశారు గనుక ఆ పేరు అమ్మకు తెలియదు. ఆ తరువాత పెట్టెలో ఆడగొంతు పలికింది: "పుఢీల్ స్టేషన్, లోయర్ పరళ్." ఆ పేరు మారలేదు.

బండి ఆగి మళ్లీ కదిలింది. ఇంతలో మా జేబులో ఫోను మోగింది. ఆవిడ గొంతు వణుకుతోంది.

"అత్తమ్మ దిగిపోయింది! పాప నా ఒళ్లో నిద్రపోతోంది. నేను లేచేలోగా బండి కదిలింది."

అమ్మ దగ్గర ఫోను లేదు. కొనిస్తామంటే "నాకెవలు చేస్తరు బిడ్డా" అని తానే వద్దన్నది. చేతిసంచిలో విలాసం రాసిన కాగితం పెట్టాలని మేము ఏడాదిగా అనుకుంటూనే వున్నాము.

మహాలక్ష్మిలో అందరమూ దిగి, వంతెన ఎక్కి దిగి, ఎదురు బండి పట్టుకొని వెనక్కి వచ్చాము. ఒక్క స్టేషను దూరం. ఆ నాలుగు నిమిషాల్లో మా మనసు పట్టాలు దాటబోయే ముసలివాళ్లనందరినీ చూసింది. ఎన్ని చూసిందో చెప్పలేము.

లోయర్ పరెల్‌లో రెండు ప్లాట్‌ఫారాలూ వెతికాము. అమ్మ లేదు. రైల్వే పోలీసు యువతి ఒకామె కనబడితే సంగతి చెప్పాము. ఆమె చీటీ తీసి, మరాఠీలో తాపీగా అడిగింది: "వయసెంత? ఎత్తెంత? చీర రంగేమిటి?"

చీర రంగు దగ్గర మా నోరు కట్టుబడిపోయింది. మా ఆఫీసులో ఏ దస్త్రానికి ఏ రంగు అట్టో కళ్లు మూసుకొని చెప్పగలము. తెల్లవారి నాలుగున్నర గంటలు పక్కనే తిరిగి, చెప్పులు తొడిగి, రిక్షా ఎక్కించిన తల్లి ఏ చీర కట్టుకున్నదో చెప్పలేకపోయాము. ఆవిడ నోట మాట రావడం లేదు. అప్పుడు మా అబ్బాయి ముందుకు వచ్చి, మరాఠీలో గడగడా చెప్పాడు: "ఆకుపచ్చ చీర, ఎర్ర అంచు. అంచు చిరిగితే ఆజీ నల్ల దారంతో కుట్టుకుంది. ముక్కుకు రెండు పక్కలా పుడకలున్నాయి. మరాఠీ వచ్చు, కాని మధ్యలో తెలుగు కలుపుతుంది."

పోలీసామె మా వంక ఒకసారి చూసి, అబ్బాయి చెప్పిందే రాసుకుంది.

వంతెన దిగిన చోట టీ అమ్మే అతను వినిపించుకున్నాడు. "ఆకుపచ్చ చీర ఆజీయా? మిల్లు గేటు ఎటని అడిగింది. మిల్లు లేదు ఆజీ, ఇప్పుడక్కడ మాల్ వుందని చెప్పాను. ఆఁ, అదే, అదే అని వెళ్లిపోయింది" అన్నాడు.

పిల్లను భుజాన వేసుకొని పరుగెత్తాము. మేము పుట్టిన వీధే గాని ఒక్క గోడ గుర్తుకు రాలేదు. మిల్లు పొగగొట్టం మాత్రం అద్దాల మేడల మధ్య అలాగే నిలబడి వుంది. దాన్ని చూసుకుంటూ పోయాము.

పెద్ద ద్వారం పక్కన కావలివాడి ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ కూర్చుని వుంది. కావలివాడు బీహారు కుర్రవాడు, నిలబడి వింటున్నాడు. ఆమె మరాఠీలో చెబుతోంది, అతడు హిందీలో ఊఁ కొడుతున్నాడు. "భోంగా మొగ్గంగనే ఇక్కడ మనుషులు చీమల లెక్క వచ్చేది. మూడు పాళీలు. నేను డబ్బా తెచ్చి గీ రాయి కాడ నిలబడేదాన్ని" అని చేతితో చూపిస్తోంది. అక్కడ రాయి లేదు. పూలకుండీ వుంది.

మాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. భయం తీరగానే వచ్చే కోపమది. "చెప్పకుండా ఎట్లా దిగావమ్మా!" అని నలుగురిలో గట్టిగా అన్నాము.

అమ్మ మా మొహం చూసి నెమ్మదిగా అన్నది: "నేను దిగలే బిడ్డా. పేరు ఇనంగనే కాళ్లు దిగినయి."

ఆ తరువాత మేము ఏమీ అనలేదు. ఆవిడ వెళ్లి అత్తగారి పక్కన నేల మీదనే కూర్చుండిపోయి కళ్లు తుడుచుకుంది.

ఈ పత్రిక చదివే పాత కుటుంబాలవారికి మిల్లుల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. పిల్లలకోసం రెండు మాటలు చెబుతాము. 1982 జనవరి 18న డాక్టర్ దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికులు, సుమారు రెండున్నర లక్షలమంది, సమ్మెకు దిగారు. ఏడాది దాటింది, ఏడాదిన్నర దాటింది. కొందరు తిరిగి పనిలో చేరారు, వేలమందికి పని పోయింది. కాని సమ్మె విరమించినట్టు అధికారికంగా ఎవరూ ప్రకటించలేదు. గుమాస్తా లెక్కన చూస్తే మా నాయన ఇంకా సమ్మెలోనే వున్నాడు. ఆయన తరువాత భివండీ పవర్‌లూముల్లో పన్నెండేసి గంటలు నిలబడి మమ్మల్ని పెంచాడు. వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. దగ్గు తీసుకొని వచ్చేవాడు. 1997లో పోయాడు. మేము కాలేజీ మాట ఎత్తకుండా ఆఫీసు మెట్లు ఎక్కాము. ఇదంతా మా అబ్బాయికి ఎన్నడూ చెప్పలేదు. "మీ తాత మిల్లులో పనిచేసేవాడు" అన్నామేమో గాని, ఏ మిల్లు, ఏ గేటు అన్నది చెప్పలేదు.

టైము చూస్తే పన్నెండు దాటింది. ఘారాపురి పడవ మాట ఎవరూ ఎత్తలేదు. అబ్బాయి మాత్రం మేడవంక చూస్తూ "ఆజీ, లోపల తాత ఎక్కడ నిలబడేవాడు?" అని అడిగాడు.

"నాకేం ఎరుక? ఇరవైఆరేండ్లు గేటు దాంక వచ్చిన గాని లోపలికి రానియ్యలే" అన్నది అమ్మ.

కావలివాడు నవ్వి, "ఇప్పుడు ఎవరైనా పోవచ్చు మాతాజీ" అని దారి చూపాడు.

పులిహోర సంచి యంత్రంలో పెట్టి తీసుకొని లోపలికి వెళ్లాము. చల్లగా వుంది. అమ్మ చెప్పులు విడవబోతే ఆవిడ వద్దన్నది. కదిలే మెట్లు ఎక్కనంటే ఎక్కనన్నది గనుక కిందనే తిరిగాము. ఒక దుకాణంలో నూలు చీరలు వేలాడుతున్నాయి. అమ్మ ఒక చీర కొంగు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నలిపింది. అమ్మే పిల్ల ఏమైనా అంటుందేమోనని మేము జంకుతున్నాము. అమ్మ వెలుతురుకు ఎత్తి చూసి, తీర్పు చెప్పింది: "నూలు మంచిదే. పడుగు గట్టిగనే వుంది. పేక పలచగ కొట్టిండ్రు."

అబ్బాయికి పడుగు తెలియదు, పేక తెలియదు. అమ్మ చీర మీదనే వేలుతో నిలువుగా గీసి పడుగన్నది, అడ్డంగా గీసి పేకన్నది. చిన్నప్పుడు ఊళ్లో తాను కండెలు చుట్టిన సంగతి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి తన తండ్రి నేసిన సంగతి చెప్పింది. వాడు అడుగుతుంటే చెబుతూనే వుంది. చివరికి వాడు ధర చీటీ తిప్పి, అంకె పైకి చదివాడు. అమ్మ నోరు చేత్తో మూసుకొని నవ్వింది. "మీ తాతకు రెండు నెల్ల జీతమురా!" అన్నది. కొంగు జాగ్రత్తగా మడత సరిచేసి, బయటికి నడిచింది.

గేటు బయట అరుగు మీద కూర్చుని పులిహోర తిన్నాము. కావలివాడికి నాలుగు సకినాలు ఇస్తే, గుండ్రంగా తిప్పి చూసి, "మా ఊళ్లో ఇలాంటివి లేవు" అన్నాడు. ఇంటికి పోయి రెండేళ్లయిందట. అమ్మ మిగిలినవన్నీ అతని రుమాలులో పోసింది.

తిరుగు బండిలో మేము అమ్మ చీరనే చూస్తూ కూర్చున్నాము. ఆకుపచ్చ, ఎర్ర అంచు. నల్లదారం కుట్టు పదకొండు చోట్ల వుంది. మరునాడు విలాసం రాసిన అట్ట ఒకటి ఆమె సంచిలో కుట్టించాము. ఫోను కూడా కొన్నాము. ఆమె దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి వుంచుతుంది. అది వేరే కథ.

ఆ రాత్రి అబ్బాయి మరాఠీలో వ్యాసం రాసి, తప్పులు దిద్దమని మాకు ఇచ్చాడు. "మేము ఘారాపురికి బయలుదేరి మా తాత మిల్లుకు వెళ్లాము. అక్కడ మా తాత బట్ట నేసేవాడు. ఇప్పుడు అక్కడ బట్ట అమ్ముతారు. మా ఆజీ చూసి, పేక పలచగా వుందని చెప్పింది. మేము కొనలేదు." పేక అన్న మాటను వాడు తెలుగు మాటగానే వుంచి, దేవనాగరిలో రాశాడు. దానికి మరాఠీ ఏమిటని మమ్మల్ని అడిగాడు. మాకు తెలుసు, అయినా అలాగే వుండనీయమన్నాము.

ఘారాపురికి మేము ఇంకా వెళ్లలేదు. ఆదివారం జంబో బ్లాకు, సోమవారం గుహలకు సెలవు. ఆఫీసులో ఒక మంగళవారం సెలవు అడిగి చూడాలి.