పులిసిన అంబలి, మండే కడుపు

మా ఊరి నుంచి ఒకే ఏడు ఆశ్రమ పాఠశాలలో చేరిన నలుగురం మేము. ఇప్పుడు మాలో ఇద్దరం టీచర్లం, ఒకరు ఏఎన్ఎం, ఇంకొకరు ఊళ్లోనే కాఫీ తోట చూసుకుంటున్నారు. ఈ నాలుగు ముక్కలూ నలుగురం కూర్చుని రాసుకున్నవి. ఇందులో గొప్ప చెప్పుకోడానికి ఏమీ లేదు. తప్పు ఉంది, అది నలుగురిదీ.

బడిలో చేరిన మొదటి నెలలో ఒక ఆదివారం మామ్మ మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. మాలో ఒకరికి సొంత మామ్మ, మిగిలిన ముగ్గురికీ వరసకి మామ్మ. పొద్దున్నే బయల్దేరి కొండ దిగి నడిచి వచ్చింది. భుజాన ఆనపబుర్ర, అందులో చోడి అంబలి. మైదానం వాళ్లు రాగులంటారు, మాకు చోళ్లు. బుర్ర మూత తియ్యగానే పులుపు వాసన వరండా అంతా పాకింది. పక్కనున్న పిల్లలు ముక్కు మూసుకున్నారు. వాళ్లూ మనవాళ్లే, కాకపోతే రోడ్డు పక్క ఊళ్లవాళ్లు, ఇడ్లీ అలవాటైనవాళ్లు. ఇడ్లీ పిండి కూడా రాత్రంతా పులిసిందేనన్న సంగతి వాళ్లకీ తట్టలేదు, మాకూ తట్టలేదు.

"తర్వాత తాగుతాం మామ్మా" అన్నాం. ఆమె కాళ్లు కడుక్కోడానికి కొళాయి దగ్గరికి వెళ్లినప్పుడు బుర్రలోది సిల్వర్ ఓక్ చెట్టు మొదట్లో ఒంపేశాం. ఖాళీ బుర్ర చూసుకుని ముసల్ది ఎంత సంబరపడిందో! "ఆకలి మీదున్నారు గుంటలు, చుక్క మిగల్చలేదు" అని ఊరంతా చెప్పుకుందట. ఆ మాట మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాత చాలా ఏళ్లు అంబలి మా నోట్లో పడలేదు. డిగ్రీకి పట్నం వెళ్లాక పొద్దున్నే ఖాళీ కడుపుతో టీ, పదకొండింటికి ఇంకో టీ, మధ్యాహ్నం దాటాక బండి మీద నూడుల్స్, రాత్రి పదింటికి అన్నం, తిన్న వెంటనే పడక. గుండెల్లో మంట మొదలైంది. పుల్లటి నీళ్లు గొంతు దాకా వచ్చేవి. మందుల షాపులో "గ్యాస్ బిళ్ల" అంటే చాలు, ఎన్నాళ్ల నుంచి అని అడిగేవాళ్లు లేరు. మాలో ఒకరు రెండేళ్లపాటు రోజూ వేసుకున్నారు. కడుపులో ఆమ్లం అంటే విషం, దాన్ని ఎంత చంపితే అంత ఆరోగ్యం అన్నట్టుండేది మా లెక్క.

ఆ ఆమ్లం మన ఒంట్లో పుట్టిందే, మన కోసమే పుట్టింది. జీర్ణాశయం గోడలు రోజుకి సుమారు లీటరున్నర నుంచి 2 లీటర్ల రసం ఊరిస్తాయి. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బడి ల్యాబులో ముట్టుకోవద్దని చెప్పే సీసాలో ఉంటుందే, అదే. గెడ్డ నీళ్లతో, చేతి మట్టితో లోపలికి పోయే క్రిముల్లో చాలా వాటిని అది అక్కడే చంపేస్తుంది. మాంసం, పప్పు అరగడానికి పెప్సిన్ అనే ఎంజైము పనిచెయ్యాలంటే ఆ పులుపు ఉండాలి. ఆకుకూరల్లో, చోళ్లలో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలన్నా అది కావాలి. మరి జీర్ణాశయం తనను తాను ఎందుకు అరిగించుకోదు? లోపలి గోడకి జిగురు పూత ఉంటుంది. ఆ పూత ఉన్నంతవరకూ ఆమ్లం కాపలాదారు. పూత చెదిరినచోట పుండు. పైనున్న అన్నవాహికకి అలాంటి పూత లేదు, అందుకే రసం పైకి తన్నితే గుండెల్లో మంట.

ఇదంతా లోకానికి ఎలా తెలిసిందో మా తరగతుల్లో చెప్తాం. మీరూ చెప్పండి. అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అని ఒక కూలి. అడవి జంతువుల తోళ్ల వ్యాపారుల దగ్గర పడవల మీద పనిచేసేవాడు. 1822 జూన్‌లో అమెరికాలోని మాకినాక్ దీవిలో దగ్గర్నుంచి తుపాకి పేలి అతని కడుపు చీలింది. బతికాడు గాని, జీర్ణాశయానికి పడిన చిల్లు పూడలేదు. వైద్యం చేసిన సైన్యం డాక్టరు విలియం బ్యూమాంట్ ఆ చిల్లులోంచి పట్టుదారానికి మాంసం ముక్కలు, క్యాబేజీ ముక్కలు కట్టి వేలాడదీసి, గంటగంటకీ బయటికి లాగి చూసేవాడు. రసం తోడి సీసాలో పోసి, సీసాలో కూడా మాంసం కరుగుతుందని చూపించాడు. 1833లో పుస్తకం వేశాడు. సెయింట్ మార్టిన్‌కి చదువు రాదు, ఒప్పంద పత్రం మీద గుర్తు పెట్టాడు. 1880లో అతను చనిపోయినప్పుడు, డాక్టర్లు శవాన్ని ఎత్తుకుపోకుండా ఇంటివాళ్లు అది పాడయ్యేదాకా ఉంచి, అప్పుడు లోతుగా పాతిపెట్టారు. జీర్ణక్రియ పాఠంలో డాక్టరు పేరు ఒక్కటే చెప్పి ఊరుకోవద్దని టీచర్లకి మా మనవి.

మళ్లీ మా సంగతి. ఉద్యోగాలొచ్చి కొండకి తిరిగొచ్చాక మామ్మ అంబలి మళ్లీ మొదలైంది. మూడు నెలల్లో మంట తగ్గింది. అప్పటికే టీ తగ్గించాం, కరెంటు పోయే ఊళ్లో రాత్రి ఏడింటికే తినేస్తున్నాం, రోజూ నడుస్తున్నాం. వీటిలో ఏది పనిచేసిందో ఎవరు చెప్పగలరు? మేము మాత్రం పేరంతా అంబలికే ఇచ్చేశాం. చెట్టు మొదట్లో ఒంపేసిన బాకీ తీర్చుకుంటున్నట్టు ఉండేది. ఒక ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం సభలో, మాలో ఒకరు మైకు పట్టుకుని "ఇంట్లో అంబలి ఉండగా కడుపుకి బిళ్లలెందుకు" అన్నారు. చప్పట్లు బాగా పడ్డాయి. మా ఏఎన్ఎం కూడా కొట్టింది. జనంలో చిన్నమ్మ కూర్చుని వింది.

చిన్నమ్మకి మోకాళ్ల నొప్పులు. కాఫీ పళ్లు ఏరే రోజుల్లో సంతలో నొప్పి బిళ్లలు కొనుక్కుని, ఒక్కోసారి పరగడుపునే మింగి తోటకి పోయేది. ఆ చలికాలం మా దగ్గరికొచ్చి, "కడుపులో నిప్పెట్టినట్టుందిరా, ఆసుపత్రికెళ్లనా?" అంది. మేము ఏమన్నామో ఊహించే ఉంటారు. "పులిసిన అంబలి రెండు పూటలా తాగు చిన్నమ్మా, అదే పోతాది." ఏం మందులు వాడుతోందని అడగలేదు. మూడు వారాలు తాగింది. సభలో చదువుకున్న పిల్లలు చెప్పిన మాట కదా, ఆమె నమ్మింది.

ఒక పొద్దున లేవబోయి కళ్లు తిరిగి పడింది. ఫోన్ చేస్తే మా ఏఎన్ఎం అడిగిన మొదటి మాట, "దొడ్డికి ఏ రంగులో వెళ్తోంది?" నాలుగు రోజులుగా తారులా నల్లగా, జిగటగా వెళ్తోందట. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. లోపల రక్తం కారితే అలా నల్లబడుతుంది. డోలీ కట్టి రోడ్డు దాకా మోశాం, అక్కణ్నుంచి అంబులెన్సు. పెద్దాసుపత్రిలో రెండు సీసాల రక్తం ఎక్కించారు. గొట్టం వేసి చూస్తే చిన్నపేగు మొదట్లో పుండు. పరీక్షలో హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. ఆమ్లంలో ఏదీ బతకదనుకుంటాం గాని, ఇది తన చుట్టూ అమ్మోనియా పుట్టించుకుని, జిగురు పూతలో దాక్కుని బతికేస్తుంది. దానికి తోడు నొప్పి బిళ్లలు ఆ పూతని పల్చబరిచాయి.

పుండుకి కారణం కారం, దిగులు, అధిక ఆమ్లం అని ఒకప్పుడు డాక్టర్లు కూడా అనుకునేవాళ్లు. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ 1982లో ఈ బ్యాక్టీరియాని పెంచి చూపిస్తే చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. చిన్నమ్మకి 14 రోజులు రెండు రకాల యాంటీబయాటిక్‌లు, వాటితో ఆమ్లం తగ్గించే బిళ్ల ఇచ్చారు. మేము మైకులో ఎగతాళి చేసిన బిళ్లే. పుండు మానేదాకా అది కావాలి.

వార్డులోంచి పంపేటప్పుడు చిన్నమ్మ డాక్టర్ని అడిగింది, "ఇంక అంబలి తాగకూడదా బాబూ?" ఆయన నవ్వాడు. "తాగండమ్మా. మంటగా ఉంటే పులవనిది తాగండి. నొప్పి బిళ్లలు మాత్రం నన్నడక్కుండా మింగొద్దు." మేము పక్కనే నిలబడి ఉన్నాం. మా వైపు చూస్తాడేమోనని తలొంచుకున్నాం.

అయితే అంబలిలో ఏమీ లేదా? ఉంది. మామ్మ సాయంత్రం చోడిపిండిని నీళ్లలో కలిపి, కుండలో మూతపెట్టి పొయ్యి పక్కన పెట్టేది. ఎండాకాలం ఒక రాత్రి, చలికాలం రెండు. పిండిలోనూ కుండ గోడల్లోనూ ఉన్న బ్యాక్టీరియా పిండిలోని చక్కెరల్ని లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఆ పులుపులో చెడ్డ క్రిములు తేలిగ్గా పెరగలేవు. గింజలో ఇనుముని పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం పులిస్తే తగ్గుతుంది. చోళ్లలో 100 గ్రాములకి 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, బియ్యం దాని దరిదాపుల్లోకి రాదు. పొద్దున్న నూకలు ఉడుకుతుంటే ఆ పులిసిన పిండి పోసి కలియబెడతారు. అలా ఉడికించినప్పుడు బతికున్న బ్యాక్టీరియా చచ్చిపోతాయి. కాబట్టి వేడి అంబలిలో కోట్ల మేలుచేసే క్రిములున్నాయని చెప్పేవాళ్ల మాట సగం వినండి. ఉడికిన అంబలి కుండలో మిగిలి మర్నాటికి మళ్లీ పులిస్తే, అప్పుడు బతికున్నవి ఉంటాయి.

పులుపు ఎక్కువైతే ఆమ్లం పెరిగిపోతుందని కొందరు భయపడతారు. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు. పులిసిన అంబలి 4 దగ్గర ఉంటే, ఖాళీ కడుపులో రసం 2 లేక ఇంకా తక్కువ. అంటే కడుపు రసం నూరు రెట్ల పైమాటే. అయినా పుండున్నవాళ్లకి, మంట ఉన్నవాళ్లకి పులుపు బాధపెట్టొచ్చు.

పులవడం వేరు, కుళ్లడం వేరు. మామ్మ ముక్కుతోనే చెప్పేది. రంగు బూజు కనబడితే కుండతో సహా పారబోసేది. 2024లో ఒడిశా కంధమాల్ జిల్లాలో మామిడి టెంకల జావ తాగి మన ఆదివాసీ స్త్రీలు చనిపోయారు. టెంకలు మన ఏజెన్సీలోనూ దాచుకుంటాం. సరిగ్గా ఎండకపోయినా వానకి తడిసినా బూజు పడతాయి. ఆ విషం ఉడకబెట్టినా పోతుందన్న నమ్మకం లేదు. కొట్లో బియ్యం నిండా ఉన్న ఇంట్లో టెంకల జావ ఎవరూ కాచుకోరు, అది కూడా రాసుకోవాలి.

"జీలుగు కల్లు కూడా పులిసిందే కదా మాస్టారూ" అని కుర్రాళ్లు మమ్మల్ని ఆటపట్టిస్తారు. అది పులిసి సారాగుణం వస్తుంది, తాగితే కడుపు పూత పాడవుతుంది అంటాం. వింటారో లేదో మరి.

2023 మార్చి నుంచి ప్రభుత్వ బడుల్లో వారానికి 3 రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. సంతోషమే. అది బెల్లం వేసిన తీపి జావ, పులిసింది కాదు. పిల్లలు ఇష్టంగా తాగారు. ఇనుము బిళ్లలు ఇచ్చే రోజున మాత్రం మా ఏఎన్ఎం ఒక మాట తప్పకుండా చెబుతుంది: బిళ్ల వేసుకున్నాక రెండు గంటలు టీ ముట్టొద్దని. టీ పొడిలో ఉండేది ఇనుముని పట్టేసుకుంటుంది. పట్నంలో రెండేళ్లు రోజూ గ్యాస్ బిళ్ల మింగిన మా నాలుగోవాడికి కూడా చెబుతుంది, డాక్టరు చెప్పినన్ని రోజులే, ఆపైన కాదు అని. ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గొచ్చు.

చిన్నమ్మ ఇప్పుడు బాగానే ఉంది. మేమేం చెప్పినా "డాక్టర్నడిగే చెప్తన్నారా?" అంటుంది. అందరి ముందూ అంటుంది.

పోయిన నెల 10వ తరగతికి ఆమ్లాలు, క్షారాల పాఠం. నిమ్మరసం, సబ్బునీళ్లు అయ్యాక, ఇంట్లో పులుపు ఏముంటే అది తెమ్మన్నాం. మర్నాడు చింతపండు, మజ్జిగ వచ్చాయి. వెనక బెంచీలో ఒక కుర్రాడు సీసా ఒకటి సంచిలోంచి తియ్యకుండా కూర్చున్నాడు. మాకు ఆ కూర్చోడం తెలుసు. దగ్గరికెళ్లి మూత తీశాం, గదంతా ఆ వాసన. ఒకరిద్దరు ముక్కు మూసుకోబోయి మమ్మల్ని చూసి ఆగారు. పీహెచ్ కాగితం ముంచితే నారింజ రంగుకి తిరిగింది. పట్టీ పక్కన పెట్టి చూస్తే 4.

"ఎన్నో రోజుదిరా?"

"రెండో రోజుది సార్. మా మామ్మ చేసింది."

రికార్డులో "చోడి అంబలి, రెండో రోజు, 4" అని రాయించాం. సీసాలో ఇంకా సగం పైగా ఉంది. గ్లాసు తెమ్మని, ముందు మేము తాగాం.