తల వంచితేనే తలుపు

బెత్లెహేములో యేసు జన్మించాడని విశ్వసించే చోట పురాతనమైన ఆలయం ఉంది. దాని ప్రధాన ద్వారం ఎత్తు సుమారు 4 అడుగులే. ఎంతటివారైనా సరే, నడుం వంచి లోపలికి వెళ్లాల్సిందే. గుర్రాలతో, బండ్లతో ఎవరూ లోపలికి రాకుండా ఒకప్పటి పెద్ద ద్వారాన్ని ఇలా కుదించారని చెబుతారు. కారణం ఏదైనా, దానికి స్థిరపడిన పేరు మాత్రం 'వినయ ద్వారం'.

క్రిస్మస్ చెప్పేదీ ఆ వినయం గురించే. లోకరక్షకుడు పడుకున్నది పశువుల తొట్టెలో. ఆ శుభవార్త మొదట అందింది రాజభవనానికి కాదు... పొలంలో రాత్రంతా మందను కాస్తున్న గొర్రెల కాపరులకు! అందుకోసం వాళ్లు ఉపవాసాలు ఉండలేదు, కానుకలు చెల్లించలేదు. అడగకుండానే అందింది. కృప అంటే అదే.

కూలి వేరు, కృప వేరు. కరువుతో పస్తులున్న జనానికి పనీ తిండీ కల్పించేందుకు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ మెదక్‌లో చర్చి నిర్మాణం తలపెట్టారు. 1924 డిసెంబరు 25న దాని ప్రతిష్ఠ జరిగింది. అక్కడ రాళ్లు మోసినవారు తిన్నది కష్టార్జితం. అందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదు. కానీ అదే చర్చిలో మోకరించినప్పుడు దేవుడికి చూపించడానికి ఏ కూలి లెక్కా ఉండదు. రాయి మోసినవారైనా, కట్టించినవారైనా అక్కడ పుచ్చుకునేవారే.

ఈ సంగతి మరచిపోతే భక్తి కూడా గర్వంగా మారుతుంది. యేసు చెప్పిన ఉపమానంలో పరిసయ్యుడు దేవుడికి కృతజ్ఞతలే చెప్పాడు. అయితే, దూరంగా నిలబడిన సుంకరిలాంటివాణ్ని కానందుకు చెప్పాడు! సుంకరి మాత్రం తలెత్తకుండా, కరుణించమని వేడుకున్నాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది అతడే.

క్రిస్మస్ ఆరాధనకు ప్రతి ఊళ్లోనూ కొన్ని కొత్త ముఖాలు వస్తాయి. ఏడాదంతా కనిపించనివారు, తాగుడు మానలేకపోతున్నవారు, ఇంట్లో గొడవపడి విడిగా ఉంటున్నవారు తలుపు దగ్గరే బెరుగ్గా నిలబడతారు. 'ఇప్పుడు గుర్తొచ్చాడా దేవుడు?' అన్నట్టు ముందు వరుసలు వెనక్కి తిరిగి చూస్తాయి. ప్రతివారం వచ్చేవారికీ, ఏడాదికోసారి వచ్చేవారికీ దేవుడి దయ ఉచితంగానే దొరుకుతోందని ఆ క్షణంలో గుర్తుంటే చాలు, ఆ చూపు మారుతుంది.

కృతజ్ఞత పాటల్లోనే కాదు, బల్లమీద కాస్త జరిగి పక్కవారికి చోటివ్వడంలోనూ కనిపించాలి. ఆ రాత్రి బెత్లెహేము సత్రంలో మరియకు దొరకనిది ఆ చోటే కదా!