పాత యింటి నేలకు వెచ్చదనము

క్రొత్త యిల్లు కట్టుట యెంత కష్టమో, పాత యింటిని కాలమునకు తగినట్లు దిద్దుకొనుట యంతకంటె కష్టము. గోడలను గూర్చియు, కప్పును గూర్చియు ఎంతయో ఆలోచించుదుము గాని, దినమంతయు మన పాదములు తగులుచుండు నేలను గూర్చి ఆలోచించువారు తక్కువ. వంటచేయుచు నిలుచునది, పసిబిడ్డను ప్రాకనిచ్చునది, ముసలివారు తడబడుచు నడచునది ఆ నేలమీదనే కదా!

మా అశ్వారావుపేట అడవి యంచున నున్న ఊరు. 2016 వరకు ఖమ్మము జిల్లాలో నుండి, పిమ్మట భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. చుట్టును పామాయిలు తోటలు, వాని కావల అడవి. ఇచట వేసవి యెండ యెంత తీక్షణమో, పుష్యమాసపు తెల్లవారుజాము చలియు నంత గట్టిది. మా పెంకుటింటికి పూర్వము అలికిన మట్టినేల యుండెడిది. తరువాత నునుపైన గ్రానైటు పలకలు పరపించితిమి. అవి తుడుచుటకు సులువు, వేసవిలో హాయి. కాని యెనుబదియేండ్లు దాటిన మా అత్తగారు చలిదినములలో మంచము దిగుటకే జంకసాగిరి. రాత్రి లేవవలసివచ్చునను భయముచే సాయంకాలమునుండి మంచినీరు త్రాగుటయే మానివేసిరి. ఈ సంగతి తెలిసిననాడు నా మనస్సు చివుక్కుమనెను.

కెనడాలో నున్న మా అబ్బాయికి ఫోనులో ఈ విషయము చెప్పగా, "నాయనమ్మ గదికి నేల క్రింద వేడిచేయు ఏర్పాటు చేయింతము, ఖర్చు నాది" అనెను. వాడుండు ఇంటిలో నట్టి నేలయే కలదట. మంచు కురియు దేశములలో నిది విలాసము కాదు. కొరియా దేశమున పొయ్యిలోని వేడి పొగను రాతినేల క్రింది దారులగుండ పంపి యిల్లు వెచ్చచేయు పద్ధతి పురాతనమైనది. దానిని ఓండోల్ అందురు. ప్రాచీన రోమనులును స్నానశాలల నేలలను చిన్న స్తంభములపై నిలిపి, క్రింద వేడిగాలిని నడిపెడివారు.

నేటి పద్ధతులు ముఖ్యముగ రెండు. మొదటిది, నేల క్రింద గొట్టములు పరచి, 35 మొదలు 45 డిగ్రీల వేడినీటిని ప్రవహింపజేయుట. రెండవది, పలకల క్రింద విద్యుత్తీగల చాపను పరచుట. ఏది వేసినను, మనుష్యులు మసలుచోట నేల పైభాగము 29 డిగ్రీలు మించరాదని ఐరోపావారి నియమము. వేడిని కొలిచి తనంత తాను ఆగిపోవు మీట తప్పక యుండవలెను.

ఇవన్నియు తెలిసికొని, మా యింటికెట్లు పొసగునో లెక్కవేసితిని. గొట్టములు పరచి పైన సిమెంటు వేసినచో నేల రెండు మూడంగుళములు లేచును. అపుడు తలుపులు కోయవలెను, గడప మునిగిపోవును. విద్యుత్తీగలు పలుచనివే గాని, ఉన్న రాళ్లను పెకలింపవలసివచ్చును. వాని క్రింద వేడిని ఆపు పొర వేయనిచో వేడిలో కొంత భాగము భూమిపాలగును. మిగిలినది పెంకుల సందులగుండ నాకసమునకు పోవును. ఎనిమిది చదరపు మీటర్లకు, మీటరుకు 150 వాట్ల చొప్పున 1200 వాట్లు. ఎనిమిది గంటలు ఎడతెగక నడచినచో తొమ్మిది యూనిట్లు దాటును. అన్నింటికంటె ముఖ్యమైన సంగతి వేరొకటి. చుట్టములు వచ్చినపుడు మనము నేలమీదనే పరుపులు పరతుము. తీగల నేలపై మందపు పరుపు పరచినచో వేడి పైకి పోలేక అచటనే పోగగును. చక్కెరవ్యాధిచే పాదములకు స్పర్శ తగ్గినవారు ఆ వేడి హెచ్చుట నెరుగజాలరు.

ఈ లెక్కలలో నేను మునిగియుండగా అత్తగారు, "అమ్మాయీ, ఇంత హంగామా యెందుకు? బాలింతనాడు నా నులకమంచము క్రింద కుంపటి పెట్టెడివారు. అదే పెట్టించుము" అనిరి. ఆమె మాటను త్రోసివేయుట కష్టమయ్యెను; కాని ఆనాటి గదికిని నేటి గదికిని భేదము కలదు. తలుపులు బిగించిన గదిలో బొగ్గు కాలినచో కార్బన్ మోనాక్సైడను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణవాయువు కంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో రక్తమున నంటుకొనును. నిద్రించువారు నిద్రలోనే పోవుదురు. ఈ మాట వివరించి చెప్పగా ఆమె కొంతసేపు మౌనముగ నుండి, "నాకు గదియంతయు వేడి యేల? కాలు పెట్టినచోట జివ్వుమనకున్న చాలును" అనిరి.

అప్పటివరకు ఆమెను ఎవరమును అడుగనే లేదు! మర్మమంతయు నా మాటలోనే కలదు. రాతినేలయు, చెక్కపీటయు ఒకే గదిలో నున్నపుడు రెండింటి చలువయు ఒక్కటే. అయినను రాయి కొయ్యకంటె మిక్కిలి హెచ్చు వడితో పాదములోని వేడిని లాగికొనును. అందుచే చల్లగ తోచును. కావున మాకు వలసినది వేడి పుట్టించు యంత్రము కాదు, వేడిని లాగికొనని నేల.

అటకమీద నుండిన పాత టేకు తలుపుల చెక్కలను దింపించి, సాపుచేయించి, మంచమునుండి స్నానపుగదివరకు కదలకుండ బిగింపించితిమి. మా ప్రాంతమున చెదల బెడద హెచ్చు. టేకు దానికి తట్టుకొనును. కాలికి తట్టుకొనకుండ అంచులు ఏటవాలుగ చెక్కించితిమి. విడి తివాచీలు జారునని వేయలేదు. ఆ గది పెంకుల క్రింద పలకల కప్పు వేయించి, కిటికీ సందులు మూయించితిమి. అబ్బాయి పంపదలచిన సొమ్ములో కొంత దానికే సరిపోయినది. ఇపుడు అత్తగారి మంచము ప్రక్క చెంబుతో నీరుండును. తెల్లవారునప్పటికి అది సగమైన తగ్గియుండును.

సోదరీమణులారా! చలి తీవ్రమైన ఊళ్లలో, క్రొత్తగ కట్టు ఇండ్లలో, క్రింద పొరయు పైన కప్పును బిగువుగ నున్నచోట, నేల క్రింది వేడి మేలైనదే. అట్టివారు నిపుణులచేతనే వేయించుకొందురు గాక! కాని వెచ్చని నేలను కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. చలి యెన్ని వారములు? వేడి యే సందున పోవుచున్నది? ఆ నేలపై నడచువారు కోరునదేమి? ఈ మూడవ ప్రశ్నను మొదటనే యడిగినచో పెక్కు ఖర్చులు తప్పును; ఇంటి పెద్దలకు మన మిచ్చు మన్ననయు నదియే.